ఆకు వెనుక లోకానికి ఏ కటకం?

పుష్యమాసం గడిచేనాటికి తిరువూరు పరిసరాల మామిడి తోటలు పూతతో నిండిపోతవి. పూత నిండినంత మాత్రాన కాపు చేతికి వచ్చినట్లు కాదని ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాలుగైదు మిల్లీమీటర్ల పొడవైన తేనెమంచు పురుగు పూగుత్తులలో చేరి రసం పీల్చివేస్తుంది. అది విసర్జించే తియ్యని జిగురు ఆకుల మీద పరచుకొంటుంది. ఆ జిగురు మీద మసి పూసినట్లు నల్లని బూజు పెరుగుతుంది. మామిడి తోట దాటి మిరపచేలోనికి పోతే శత్రువు మరింత చిన్నది. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెవలె కనిపిస్తే అది తామర పురుగు పని. కిందికి ముడుచుకొని తిరగవేసిన దోనెవలె కనిపిస్తే తెల్లనల్లి పని. మొదటిది సుమారు ఒక మిల్లీమీటరు పొడవుంటే, రెండవది అందులో ఐదవ వంతును మించదు. పైగా నల్లి కీటకమే కాదు, సాలెపురుగుకు జ్ఞాతి. కాబట్టి కీటకాలను చంపే మందులలో పెక్కింటిని అది లెక్కచేయదు. గుర్తు తప్పితే మందుల ఖర్చు, కూలి ఖర్చు, కాలము మూడూ వృథా అవుతవి.

తెలుగు రైతు ఈ పాఠాన్ని 2021లో మిక్కిలి ప్రియమైన వెలకు నేర్చుకొన్నాడు. ఆగ్నేయాసియా ప్రాంతానికి చెందిన నల్ల తామర పురుగు మన దేశంలో 2015లో మొదట బొప్పాయి మీద నమోదైనది. 2021 పంటకాలంలో అదే పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మిరపచేలను ముట్టడించినది. మనకు పూర్వమే తెలిసిన తామర పురుగు లేత పసుపు రంగుది. ముఖ్యంగా లేత ఆకులను ఆశ్రయిస్తుంది. ఈ కొత్తదానిలో ఆడపురుగు ముదురు గోధుమ, నలుపు రంగులలో ఉండి పూవులలో గుంపులుగా చేరుతుంది. ఒక మిల్లీమీటరు ప్రాణిలో రంగు తేడా, అది కూర్చున్న చోటు తేడా తెలియడానికి స్పష్టమైన ఛాయాచిత్రం కావలెను. రైతు ఫోనుతో తీసి పంపిన బొమ్మలో పురుగు ఉండవలసిన చోట ఒక మసక మచ్చ మాత్రమే కనిపిస్తే, అవతల ఉన్న శాస్త్రజ్ఞుడు ఎంతటివాడైనా ఏమి చెప్పగలడు?

ఇటువంటి చిత్రం తీయగల శక్తి గ్రామంలోని పాఠశాలకు ఉండవచ్చును. ఉండవలెను కూడా. తోటలు, చేలు బడి గోడ పక్కనే ఉన్నవి. చురుకైన కళ్ళుగల పిల్లలు బడిలోనే ఉన్నారు. లేనిదల్లా సాధనం. అయితే మాక్రో లెన్సు అనే పేరు పెట్టి అమ్మే కటకాల వెల వినగానే ఉపాధ్యాయుడు ఆ ఆలోచననే విడిచిపెడుతున్నాడు. ఈ వ్యాసం ఉద్దేశం ఆయనను మళ్ళీ ఆలోచనకు పురికొల్పుటయే. ఏ కటకం మంచిది అని అడగడం కంటె, నేను చూడదలచిన వస్తువు ఎన్ని మిల్లీమీటర్లు అని ముందుగా అడిగితే, చాలా సందర్భాలలో ఆ పెద్ద కటకం అవసరమే ఉండదు.

మొదట కొలత, పిమ్మట కొనుగోలు

దగ్గరి ఛాయాగ్రహణంలో అన్నిటికీ మూలమైన మాట ఆవర్ధనం. వస్తువు నిజమైన పరిమాణానికి, కెమెరా లోపలి సెన్సారు మీద పడే ప్రతిబింబపు పరిమాణానికి గల నిష్పత్తినే ఆవర్ధనం అంటారు. పది మిల్లీమీటర్ల చీమ సెన్సారు మీద కూడా పది మిల్లీమీటర్లుగా పడితే ఆవర్ధనం 1. ఐదు మిల్లీమీటర్లుగా పడితే సగం. నిఘంటువుల వంటి వ్యాపార పత్రాలలో ఎన్ని గొప్పలు వ్రాసి ఉన్నా, కొనేవాడు వెదకవలసిన అంకె ఇదొక్కటే.

తన వద్ద ఉన్న కెమెరా శక్తి ఎంతో తెలుసుకొనడానికి గణితం తరగతిలోని గ్రాఫు కాగితం చాలును. దాని మీది గళ్ళు ఒక మిల్లీమీటరువి. కెమెరాను ఎంత దగ్గరగా తీసుకొనిపోతే బొమ్మ స్పష్టంగా నిలుస్తుందో అంత దగ్గరగా నిలిపి ఆ కాగితాన్ని చిత్రించవలెను. చిత్రం వెడల్పులో ఎన్ని గళ్ళు పట్టినవో లెక్కించి, సెన్సారు వెడల్పును ఆ సంఖ్యతో భాగించవలెను. సామాన్యంగా పాఠశాలలకు అందుబాటులో ఉండే కెమెరాలలో సెన్సారు వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. చిత్రంలో 72 గళ్ళు పట్టితే ఆవర్ధనం మూడవ వంతు. 24 పట్టితే 1. 12 మాత్రమే పట్టితే 2.

ఇప్పుడు మిరపచేనుకు వద్దాము. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో చిత్రం వెడల్పున 6000 పిక్సెళ్ళు ఉంటవి. అనగా సెన్సారు మీద ఒక్కొక్క మిల్లీమీటరుకు 250. ఒక మిల్లీమీటరు తామర పురుగును మూడవ వంతు ఆవర్ధనంతో తీస్తే దాని శరీరం పొడవున సుమారు 80 పిక్సెళ్ళు మాత్రమే పడుతవి. రంగు కొంత తెలియవచ్చును గాని రూపం తెలియదు. ఆవర్ధనం 1 అయితే 250. 2 అయితే 500. అయిదు వందల పిక్సెళ్ళలో తల, రొమ్ము, ఉదరము, ఈకవంటి రెక్కలు వేరు వేరుగా కనిపిస్తవి. అదే తేనెమంచు పురుగు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది గనుక దానికి సగం ఆవర్ధనంతోనే 500 పిక్సెళ్ళు దక్కుతవి. కాబట్టి మామిడి తోట కొరకు చాలిన సాధనం మిరపచేనుకు చాలకపోవచ్చును. మిరపచేను కొరకు కొన్నది మామిడి తోటకు అధిక ఖర్చు కావచ్చును.

చేతిలో ఉన్నదానితో ఎంత దూరం?

కెమెరాతోపాటే వచ్చే 18 నుండి 55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సును తేలిక చేసి మాట్లాడడం అలవాటైనది. నిజానికి దానిని 55 వద్ద నిలిపి దగ్గరగా తెస్తే మూడవ వంతు ఆవర్ధనాన్ని, కొన్ని రకాలలో అంతకంటె కొంచెం ఎక్కువను ఇస్తుంది. సీతాకోకచిలుకలు, మామిడి పూగుత్తి, ఆకుమచ్చలు, పత్తికాయను తొలిచే పెద్ద పచ్చపురుగు వంటి వాటికి ఇంతకుమించి ఖర్చు పెట్టనక్కరలేదు.

కెమెరా లేని బడిలో కూడా ఫోను ఉంటుంది. దానికి తగిలించే చిన్న క్లిప్పు కటకం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దీని లెక్క కూడా తేలికే. ఫోను కెమెరా నాభ్యంతరం 5 మిల్లీమీటర్లు, సెన్సారు వెడల్పు 6 మిల్లీమీటర్లు, తగిలించిన కటకం నాభ్యంతరం 25 మిల్లీమీటర్లు అనుకొందాము. ఐదును ఇరవై ఐదుతో భాగిస్తే ఆవర్ధనం ఐదవ వంతు. సెన్సారు చిన్నది గనుక చిత్రంలో 30 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే పడుతుంది. చిత్రం వెడల్పు 4000 పిక్సెళ్ళయితే ఒక మిల్లీమీటరు పురుగుకు 130 పైచిలుకు పిక్సెళ్ళు దక్కుతవి. అనగా ఈ చిన్న ఏర్పాటు, పెద్ద కెమెరాకు సగం ఆవర్ధనం గల కటకాన్ని అమర్చినదానితో ఇంచుమించు సమానం. అంచులలో బొమ్మ వంకరపోవడం, కటకాన్ని వస్తువుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరానికి తీసుకొనిపోవలసి రావడం దీని లోపాలు. అయినా ఎన్ని వందలకు ఎంత పని అని ఆలోచిస్తే దీనిని మించిన సాధనం కనిపించదు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. తక్కువ ధర ఫోనులు కొన్నింటిలో మాక్రో కెమెరా అని వేరుగా ఒకటి ఉంటుంది. దాని శక్తి తరచుగా 2 మెగాపిక్సెళ్ళు మాత్రమే. చిత్రం వెడల్పున 1600 పిక్సెళ్ళు. దానికంటె అదే ఫోనులోని ప్రధాన కెమెరా ముందు క్లిప్పు కటకం పెట్టడమే మేలు.

మూడు మార్గాలు, ఒకే పాఠం

పదవ తరగతిలో కుంభాకార కటకాన్ని గురించి చదువుకొన్న విద్యార్థికి ఇక్కడినుండి చెప్పబోయేది కొత్త కాదు. వస్తువు కటకానికి దగ్గర అయినకొద్దీ ప్రతిబింబం కటకానికి దూరంగా ఏర్పడుతుంది. ఆ ప్రతిబింబాన్ని అందుకొనడానికి కటకం సెన్సారునుండి ముందుకు జరగవలెను. మామూలు కటకాల గొట్టం కొంత దూరం జరిగి ఆగిపోతుంది. అందుచేతనే అవి మరీ దగ్గరి వస్తువును చూడలేవు. ఈ ఆటంకాన్ని దాటడానికి చౌక మార్గాలు మూడు కలవు.

మొదటిది, కటకం ముందు మరొక కుంభాకార కటకాన్ని బిగించడం. దగ్గరిచూపు తగ్గిన పెద్దవారికి కళ్ళజోడు ఇచ్చినట్లే ఇది. దీని సామర్థ్యాన్ని కళ్ళజోడు వలెనే డయాప్టర్లలో చెప్తారు. కెమెరా కటకాన్ని అనంత దూరానికి అమర్చి ఉంచితే, వెయ్యిని డయాప్టర్ల సంఖ్యతో భాగించగా వచ్చినన్ని మిల్లీమీటర్ల దూరంలో వస్తువు స్పష్టమవుతుంది. ఆవర్ధనం కావలెనంటే కెమెరా కటకపు నాభ్యంతరాన్ని డయాప్టర్లతో గుణించి వెయ్యితో భాగించవలెను. 4 డయాప్టర్ల కటకాన్ని 50 మిల్లీమీటర్ల కటకం ముందు పెడితే దక్కేది ఐదవ వంతు మాత్రమే. దానినే 200 మిల్లీమీటర్ల కటకం ముందు పెడితే నాలుగైదవ వంతులు, అనగా 0.8. రెండు సందర్భాలలోను వస్తువు దూరం 25 సెంటీమీటర్లే.

రెండవది, కటకానికి కెమెరాకు నడుమ ఖాళీ గొట్టాన్ని బిగించడం. దీనిని ఎక్స్‌టెన్షన్ ట్యూబు అంటారు. ఇందులో గాజు ఏదీ లేదు, ఉన్నది గాలియే. కాబట్టి చెడిపోవడానికి, మసకబారడానికి ఏమీ లేదు. గొట్టం పొడవును కటకపు నాభ్యంతరంతో భాగిస్తే అదనంగా వచ్చే ఆవర్ధనం తెలుస్తుంది. 36 మిల్లీమీటర్ల గొట్టం 50 మిల్లీమీటర్ల కటకానికి 0.72 చేర్చుతుంది. 200 మిల్లీమీటర్ల కటకానికి చేర్చేది 0.18 మాత్రమే.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం తేటపడుతుంది. పొట్టి కటకానికి గొట్టం, పొడుగు కటకానికి అద్దం. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నవాడు అంగడిలో మోసపోడు. 55 నుండి 250 వరకు పోయే జూమ్ లెన్సు ఉన్నవారు ముందు బిగించే కటకాన్ని కొనవలెను. 50 మిల్లీమీటర్ల కటకం ఉన్నవారు గొట్టాలను కొనవలెను. ముందు బిగించే కటకాలలో ఒకే గాజు పలక గలవి చౌకైనవి గాని వస్తువు అంచున ఊదా, ఆకుపచ్చ చారలు కనిపిస్తవి. రెండు మూడు గాజు పలకలతో ఆ వర్ణదోషాన్ని సవరించినవి కొంచెం ఖరీదైనా మన్నికైన పని చేస్తవి. జపానులో తయారయ్యే రేనాక్స్ కటకాలు ఈ కోవలోనివి. వాటిలో డిసిఆర్-150 అనేది 4.8 డయాప్టర్లది, డిసిఆర్-250 అనేది 8 డయాప్టర్లది.

మూడవ మార్గం అన్నిటికంటె చౌకైనది: కటకాన్ని తిరగవేసి బిగించడం. మామూలు కటకం దూరపు పెద్ద వస్తువును దగ్గరి చిన్న సెన్సారు మీదికి తెచ్చేటట్లు నిర్మితమైనది. దగ్గరి చిన్న వస్తువును పెద్దదిగా చూపవలసినప్పుడు దాని వెనుక భాగాన్ని వస్తువు వైపు తిప్పడమే న్యాయం. ఇందుకు కావలసిన ఉంగరం కొన్ని వందల రూపాయలు మాత్రమే. 50 మిల్లీమీటర్ల కటకాన్ని తిరగవేస్తే ఆవర్ధనం సుమారు 1 వస్తుంది. 28 మిల్లీమీటర్లదానిని తిరగవేస్తే 2 దాటుతుంది. అనగా మిరపపూవులోని తామర పురుగుకు చాలినంత. తెల్లనల్లి కొరకు ఇంకొక అడుగు ముందుకు వేయవలెను. 200 మిల్లీమీటర్ల కటకం ముందు 50 మిల్లీమీటర్లదానిని తిరగవేసి ఉంగరంతో జోడిస్తే, రెండు వందలను యాభైతో భాగించగా ఆవర్ధనం 4. అప్పుడు మిల్లీమీటరులో ఐదవ వంతైన నల్లి కూడా 200 పిక్సెళ్ళ పొడవున కనిపిస్తుంది.

ఇంత లాభం ఊరక రాదు. తిరగవేసిన కటకం వస్తువుకు కొద్ది సెంటీమీటర్ల దూరంలో మాత్రమే పనిచేస్తుంది. దాని వెనుక గాజు దుమ్ముకు బయటపడి ఉంటుంది. కెమెరాతో విద్యుత్ సంబంధం తెగిపోతుంది గనుక అపర్చరు అనే వెలుతురు ద్వారాన్ని కెమెరా నడపలేదు. అందుచేత ఆ ద్వారాన్ని చేతితో తిప్పే వలయం గల పాత కటకాలే ఈ పనికి యోగ్యమైనవి. విద్యుత్ స్పర్శలు లేని చౌక గొట్టాలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

పాత పెట్టెలలోని నిధి

ఫిల్ము కాలంలో మన పట్టణాలలో వీధికొక స్టూడియో, ఆ స్టూడియోకు ఒక చీకటిగది ఉండేవి. డిజిటల్ కెమెరాలు వచ్చిన పిమ్మట ఆ చీకటిగదులు మూతపడినవి. వాటిలో బొమ్మలను పెద్దవి చేయడానికి వాడిన ఎన్‌లార్జరు కటకాలు పనిలేకుండా మూలపడి ఉన్నవి. ఫిల్ము మీది చిన్న బొమ్మను చదునైన కాగితం మీదికి అంచులదాకా స్పష్టంగా తీసుకొని రావడం వాటి వృత్తి. అందుచేత దగ్గరి ఛాయాగ్రహణానికి అవి సహజంగా ఒదుగుతవి. 50 మిల్లీమీటర్ల ఎల్-నిక్కోర్ ఇందుకు పేరుపడినది. అట్లే జెనిత్ కెమెరాలతో వచ్చిన 58 మిల్లీమీటర్ల హీలియోస్ వంటి కటకాలు, ఇతర ఫిల్ము కెమెరాల 50 మిల్లీమీటర్ల కటకాలు గొట్టాలతోను, తిరగవేసి కూడా చక్కగా ఉపయోగపడుతవి. అద్దం లేని నూతన రకపు కెమెరాలకు అడాప్టరు ఒకటి ఉంటే ఇంచుమించు ఏ పాత కటకాన్నైనా తగిలించవచ్చును.

పాతదానిని కొనేముందు చేయవలసిన పరీక్షలు కొన్ని కలవు. ద్వారాన్ని పూర్తిగా తెరచి, ఒక వైపునుండి టార్చి వెలుగు వేసి, రెండవ వైపునుండి ఏటవాలుగా చూడవలెను. సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే అది బూజు. మన కోస్తా తేమలో బీరువాలలో ఏళ్ళ తరబడి మగ్గిన కటకాలకు ఇది తరచుగా పట్టే జబ్బు. అటువంటిదానిని ఎంత చౌకైనా విడిచిపెట్టడం మంచిది. పాలపొర వంటి మసక కూడా బొమ్మను వెలవెలబోయేటట్లు చేస్తుంది. ద్వారపు రేకుల మీద నూనె మెరుస్తున్నదా, అవి చప్పున తెరచుకొని మూసుకొంటున్నవా అని చూడవలెను. ముందు గాజు మీద ఒకటి రెండు సన్నని గీతలు ఉన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. అవి చిత్రంలో కనిపించవు. గీతల పేరు చెప్పి ధర తగ్గించుకొనవచ్చును కూడా.

అసలు మాక్రో లెన్సు దేనికి?

ఇంతవరకు చెప్పినది విని, అసలైన మాక్రో లెన్సు వట్టి ఆడంబరమని ఎవరైనా అనుకొంటే అది న్యాయం కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాల కొరకు మొదటి మాక్రో లెన్సును 1955లో కిల్‌ఫిట్ సంస్థ మాక్రో-కిలార్ అనే పేరుతో తెచ్చినది. మరుసటి సంవత్సరం, 1956లో, జపానులోని నికాన్ సంస్థ మైక్రో-నిక్కోర్‌ను తయారుచేసినది. దాని పుట్టుకకు కారణం పురుగులు గాని పూవులు గాని కావు, అక్షరాలు. జపాను వారి కంజి లిపిలో ఒక్కొక్క అక్షరానికి ఎన్నో సన్నని గీతలు ఉంటవి. పత్రాలను చిన్న ఫిల్ము మీదికి ఎక్కించినప్పుడు మామూలు కటకాలతో ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. కాగితం నాలుగు మూలలా గీత విడివిడిగా నిలిపే కటకం వారికి కావలసివచ్చినది.

ఈ కథ తెలుగువారికి తమ ఇంటి కథ వలె తోచకపోదు. గుడి, కొమ్ము, వత్తులతో నిండిన మన అక్షరాలను గంటంతో గీసిన తాళపత్రాలు నేటికీ కొన్ని ఇండ్లలో ఉన్నవి. వాటిని చిత్రించేటప్పుడు మధ్య అక్షరాలు స్పష్టంగా ఉండి అంచు అక్షరాలు అలుక్కుపోతే పాఠం చెడిపోతుంది. తాళపత్రాలు, నాణేలు, తపాలా బిళ్ళల వంటి చదునైన వస్తువులే ముఖ్యమైన పని అయినవారికి మాక్రో లెన్సు, లేదా పైన చెప్పిన ఎన్‌లార్జరు కటకం అవసరమే. వంపులు తిరిగిన పురుగు విషయంలో మూలలలోని స్పష్టత అంత ముఖ్యం కాదు. అక్కడ ఎట్లాగూ ఆకుపచ్చని మసకే ఉంటుంది.

కొనదలచినవారు నాభ్యంతరాన్ని కూడా ఆలోచించవలెను. 50, 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సులు చౌకైనవి, తేలికైనవి. కాని ఆవర్ధనం 1 వద్ద వస్తువు కటకపు అంచుకు పది సెంటీమీటర్ల లోపుననే ఉండవలెను. 100 మిల్లీమీటర్లవానికి ఆ ఎడం సుమారు 14, 15 సెంటీమీటర్లు. కదలని నాణేనికి మొదటిది చాలును. అలికిడికే ఎగిరిపోయే తూనీగకు, దగ్గరకు పోతే కరిచే ఎర్రచీమకు రెండవది మేలు. ఈ పనిలో ఆటోఫోకస్ ఉపయోగం తక్కువ. కెమెరానే ముందుకు వెనుకకు జరుపుతూ స్పష్టతను పట్టవలసి ఉంటుంది. కనుక చేతితో తిప్పే పాత మాక్రో లెన్సు దొరికితే క్రొత్తదాని వెలలో కొంత భాగానికే పని జరుగుతుంది.

కటకం తరువాతి ఖర్చు

దగ్గరి చిత్రాలు చెడిపోవడానికి కారణం చాలా సందర్భాలలో కటకం కాదు. వెలుతురు చాలకపోవడం, గాలి, చేతి వణుకు. ఆవర్ధనం 1 వద్ద సెన్సారు మీద పడే వెలుతురు నాలుగవ వంతుకు తగ్గిపోతుంది. ద్వారాన్ని ఎఫ్ 8 వద్ద ఉంచినా అది ఎఫ్ 16 వలె పనిచేస్తుంది. ఆ అమరికలో స్పష్టంగా కనిపించే మందం ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆవర్ధనం సగానికి తగ్గిస్తే ఆ మందం సుమారు రెండు మిల్లీమీటర్లకు పెరుగుతుంది. ద్వారాన్ని ఇంకా మూసుకొంటూపోతే మందం పెరుగుతుంది గాని, వివర్తనం వలన బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది. కాబట్టి ఎఫ్ 8, 11ల వద్ద ఆగి, అవసరానికి మించిన ఆవర్ధనం కొరకు ఆశపడకపోవడమే వివేకం. పురుగు పక్కకు తిరిగి ఉన్నప్పుడు దాని శరీరమంతా ఒకే తలంలో ఉండేటట్లు కెమెరాను నిలిపితే, ఆ స్వల్పమైన మందమే చాలును.

వెలుతురు కొరకు ఒక చిన్న ఫ్లాష్, దాని ముందు ట్రేసింగు కాగితం, ఎదురుగా ఒక తెల్లని థర్మోకోల్ పలక చాలును. కెమెరా కింద ఇసుక సంచి ఉంటే చేతి వణుకు తగ్గుతుంది. తోటలో తీయవలసివస్తే తెల్లవారుజాము మంచిది. గాలి తక్కువగా ఉంటుంది, చలికి కీటకాలు నెమ్మదిగా ఉంటవి. మిరప తెగులు విషయంలో చేనులోనే తీయవలెనన్న నియమం లేదు. తామర పురుగులను పట్టడానికి పూవును తెల్లకాగితం మీద తట్టడం వ్యవసాయ శాస్త్రజ్ఞులు వాడే పద్ధతే. ముడుచుకొన్న ఆకును తుంచి తెచ్చి, తరగతి గది కిటికీ పక్కన బల్ల మీద తిరగవేసి పెడితే గాలి బెడదే లేదు.

పక్కన గ్రాఫు కాగితపు ముక్క ఒకటి ఉంచడం మరువరాదు. కొలత లేని చిత్రంలో మిల్లీమీటరు పురుగుకు, సెంటీమీటరు పురుగుకు తేడా తెలియదు. తేదీ, గ్రామం, పంట, పురుగు కనిపించినది ఆకు పైననా కిందనా పూవులోనా అనే వివరాలను చిత్రంతోపాటు వ్రాసి పెట్టవలెను. అటువంటి చిత్రాన్ని మండల వ్యవసాయాధికారికిగాని, ఈ జిల్లాలోని గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రానికిగాని చూపిస్తే వారు చెప్పే సలహాకు ఆధారం దొరుకుతుంది. మందు పేరు చెప్పడం వారి పని. పురుగును స్పష్టంగా చూపడం మన పని.

పాఠశాల చేయదగిన క్రమం

మొత్తం మీద, డబ్బు తక్కువగా ఉన్న పాఠశాల ఈ వరుసలో నడవవచ్చును. ముందు గ్రాఫు కాగితంతో చేతిలో ఉన్న ఫోను, కెమెరాల శక్తిని కొలవవలెను. తరువాత ఫోనుకు ఒక క్లిప్పు కటకం. కెమెరా ఉన్నచోట, ఉన్న కటకం పొట్టిదైతే గొట్టాలు, పొడుగుదైతే ముందు బిగించే కటకం. మిల్లీమీటరు ప్రాణులే ముఖ్యమైతే తిరగవేసే ఉంగరం, ఒక పాత 28 మిల్లీమీటర్ల కటకం. వీటితో ఏడాది పనిచేసి, ఏ చిత్రం దేనివలన కుదరలేదో తెలిసిన తరువాతనే మాక్రో లెన్సు మాట తలపెట్టవలెను. అప్పటికి ఏది కొనవలెనో ఎవరినీ అడగనక్కరలేదు.

సాధనం చిన్నదైతే చూపు చిన్నదవుతుందని అనుకొనరాదు. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. ఇత్తడి రేకుల నడుమ బిగించిన ఒకే ఒక చిన్న గాజు కటకంతో అతడు నీటిచుక్కలో కదిలే జీవులను చూచి, 1676లో లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం వ్రాసినాడు. అతడు విశ్వవిద్యాలయంలో చదువుకొన్నవాడు కాదు. తన కటకాలను తానే అరగదీసి చేసుకొన్నాడు. అయినా చూచినదానిని కొలిచి, పోల్చి, ఓపికగా వ్రాసిపెట్టినాడు.

ఆ ఓపిక మన పిల్లలకు లేకపోలేదు. ఈ మామిడి పూతకాలంలో ఒక్క తరగతి, ఒక్క తోటలో, వారానికొకసారి అదే కొమ్మమీది పూగుత్తిని గ్రాఫు కాగితంతోసహా చిత్రించి తేదీలవారీగా అతికిస్తే, తేనెమంచు పురుగు ఏ వారంలో వచ్చినది, ఎంత పెరిగినది అనే లెక్క బడిలోనే తయారవుతుంది. మరుసటి ఏటి పూతకు ఆ పుస్తకం పట్టుకొని తోట యజమాని దగ్గరకు పోవచ్చును.